నాగేశ్వరగారి ఎగవేత లెక్కలు

నాగేశ్వరగారు ఒకసారి చెత్తడబ్బాలోకి తొంగి చూశారంటే ఆ కొట్టువాడి అసలు అమ్మకం బయటపడ్డట్టే. అమలాపురంలో పాతికేళ్లు కమర్షియల్ టాక్స్ శాఖలో చేసి, ముందుగానే రిటైరై, బావమరిది పంపిన వీసా మీద కువైట్ వచ్చి షువైఖ్‌లో ఒక గోడౌన్‌కి స్టోర్‌కీపరయ్యారు. ఉద్యోగం మారింది గాని చూపు మారలేదు. ఆయన ఊరెళ్లిపోయి ఏడాదైనా మనవాళ్ల గదులన్నీ ఉండే మహబూలాలో నలుగురు చేరితే ఆ కబుర్లే.

వంటపనికి కొత్తగా కువైట్ వచ్చిన సూరిబాబుకి అద్దెకి మంచం దొరికింది ఆయన గదిలోనే. తలుపు తీసిన మనిషిని చూసి సూరిబాబు చేతిలో పెట్టె జారిపోయింది. రావులపాలెంలో తన టిఫిన్ హోటలు మీద పడ్డ ఆఫీసరు ఈయనే. రోజుకి నూట యాభై ప్లేట్లే అమ్ముతున్నానని సూరిబాబు రాసి చూపిస్తే, ఈయన మూడు రోజులు హోటలు వెనక కూర్చుని కొబ్బరిచిప్పలు లెక్కపెట్టి, అంత చట్నీకి నాలుగొందల ఇరవై ప్లేట్ల ఇడ్లీ తేల్చారు. అంకె కూడా సరిగ్గా అలాంటిదే వచ్చింది. జరిమానా కట్టాక హోటలు రెండేళ్లు కూడా నిలవలేదు.

ఆయన గుర్తుపట్టారు. "చట్నీలో కొబ్బరి బాగా వేసేవారండీ మీరు," అన్నారు మెచ్చుకోలుగా.

సెలూన్‌లో ఊడ్చిన జుట్టుకుప్ప చూసి ఎన్ని తలలు గొరిగారో చెప్పేసేవారు. మెస్ నడిపే గంగారత్నం పారేసిన ఉల్లిపాయ తొక్కలు చూసి ఎంతమందికి వండిందో చెప్పేవారు. "ఇక్కడ మా బోటోళ్లకి టాక్సే లేదు గదండీ," అందావిడ విసిగిపోయి.

"లేకపోతే పోయిందమ్మా. ఉంటే ఎంత ఎగ్గొట్టేవారో తెలియాలి గదా."

ఆవిడ తొక్కలు కవర్లలో కట్టి పారేయడం మొదలుపెట్టింది. ఆయన కవర్లు లెక్కపెట్టారు.

సూరిబాబు షువైఖ్‌లో లోడర్ల క్యాంటీన్‌లో వంటవాడు. ఒకనాడు బియ్యం, నూనె ఉండాల్సిన దానికన్నా ముందే అయిపోతున్నాయని గొడవ లేచింది. సూపర్‌వైజర్ ముజీబ్ రాయచోటి మనిషి, చెడ్డవాడు కాదు గాని పైనుంచి ఒత్తిడి ఉంది.

"రెండు నూర్ల మందికి ఇన్ని బియ్యం ఎట్ల పోతాయి సూరిబాబూ? గురువారం లోపల చెప్పు. లేదంటే కఫీల్‌కి చెప్పాల్సొస్తాది."

యజమాని దాకా వెళ్తే ఉద్యోగంతోబాటు ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కూడా పోయినట్టే. సూరిబాబు మెస్‌లో అన్నం ముందు కూర్చుని గంగారత్నానికి ఇదంతా చెప్పుకున్నాడు. పక్కన నాగేశ్వరగారు మజ్జిగ కలుపుకుంటూ విన్నారు.

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్ వెనక, బోర్లించిన బకెట్ మీద ఆయన ప్రత్యక్షం. హోటలు పోయింది, ఇప్పుడు పరువు కూడా పోతుందనుకున్నాడు సూరిబాబు. ఆ ఎండలో, చొక్కా చేతులు పైకి మడిచి, పెద్దమనిషి చెత్తసంచులు విప్పుతుంటే పిల్లులు కూడా తప్పుకున్నాయి. అలా మూడు రోజులు.

గురువారం ముజీబ్ చేతిలో ఒక కాగితం పెట్టారు. క్యాంటీన్‌లో భోజనంతో మనిషికొక అరటిపండు ఇస్తారు, అవి పెట్టెలకొద్దీ లెక్కలేకుండా దిగుతాయి. తొక్కలు మొదటిరోజు మూడొందల పన్నెండు, రెండోరోజు మూడొందల తొమ్మిది, మూడోరోజు మూడొందల పదిహేను. లిస్టులో ఉన్నది రెండొందల మంది. అదే కంపెనీ పక్క గోడౌన్‌లో కొత్తగా చేరిన లోడర్లు పేర్లు రాయకుండానే వరసలో నిలబడుతున్నారు. కంచం చాపినవాడికల్లా సూరిబాబు వడ్డిస్తున్నాడు. ముజీబ్ స్వయంగా వెళ్లి వరసలో తలలు లెక్కపెట్టుకొచ్చి, ఖలాస్, గొడవ తీరిపోయిందన్నాడు. కొత్తవాళ్ల పేర్లు రాయించి బియ్యం పెంచాడు.

బస్‌స్టాప్‌లో సూరిబాబు ఉండబట్టలేక అడిగేశాడు. "అప్పుడు నా హోటలు ముంచారు. ఇప్పుడు ఉద్యోగం నిలబెట్టారు. ఏం మనిషండీ మీరు?"

"అప్పుడూ ఉన్నదే రాశాను, ఇప్పుడూ ఉన్నదే రాశాను. మారింది మీరండీ."

ఆ మూడు రోజులూ ఆయన జీతం కోయించుకుని సెలవు పెట్టారని సూరిబాబుకి తర్వాత గోడౌన్‌వాళ్లు చెబితే తెలిసింది. అడిగితే ఊరికే తోచక వచ్చానన్నారు.

ఆయన ఊరెళ్లే రోజు ఎయిర్‌పోర్టుకి సూరిబాబే దిగబెట్టాడు. లోపలికి వెళ్లబోతూ ఆయన వెనక్కి తిరిగారు. "మళ్లీ హోటలు పెడితే కబురు చేయండి, వస్తాను."

సూరిబాబు మొహం పాలిపోయింది.

"తినడానికే లెండి," అన్నారాయన.

సూరిబాబు నవ్వాడు. ఆ మాట నమ్మాడు కూడా. అయినా ఈసారి మొదటి ప్లేటు నుంచే అన్నీ రాయాలని అక్కడే నిర్ణయించుకున్నాడు.