నాన్న పప్పు, మామ్మగారి బావి

మా నాన్నను ఏమైనా అనొచ్చు. పిసినారి అనొచ్చు, స్కూటరు నడపడం రాదనొచ్చు, అది నిజం కూడా. ఆయన అమ్మే కందిపప్పును మాత్రం ఒక్క మాట అనకూడదు. రాజమండ్రికి దిగువన, కాలవ గట్టు పక్కనే మా కిరాణా కొట్టు. అందులో పంచదార, నూనె, సబ్బులు అందరి కొట్లలో ఉన్నట్టే ఉంటాయి. కందిపప్పు మాత్రం నాన్న స్వయంగా మిల్లుకు వెళ్ళి, గుప్పిట్లోకి తీసుకుని, బద్ద కొరికి చూసి మరీ తెస్తారు. "ఉడక్కపోతే వెనక్కి తెచ్చేయండి" అని కొన్నవాళ్ళందరికీ చెబుతారు. నాకు ఊహ తెలిశాక ఎవరూ తేలేదు.

అందుకే ఈమధ్య ఒక పొద్దున్న, పక్క పల్లె మామ్మగారు పప్పు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు నాన్న మొహం చూడాల్సింది. గంపలో చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ. పప్పు మా కొట్లోనే కొంటారు.

"ఇది ఉడకట్లేదండి శెట్టిగారూ. ఎంతసేపు పెట్టినా బద్ద బద్దలాగే ఉంటంది" అన్నారు.

నాన్న మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. కొన్నాళ్ళకు ఆవిడ దాన్నీ తెచ్చేశారు. నాన్న మిల్లువాళ్ళతో పోట్లాడి వేరే బస్తా తెప్పించారు. అదీ వెనక్కి వచ్చింది. ఇక నాన్నకు నిద్ర పట్టలేదు. కొట్టు ముందే గ్యాసు పొయ్యి పెట్టి, కుక్కరు లేకుండా ఒట్టి గిన్నెలో మా కుళాయి నీళ్ళతో పప్పు ఉడికించారు. అది మెత్తగా విచ్చుకుంది. బేరానికి వచ్చినవాళ్ళందరికీ తలో గరిటె వడ్డించారు. అయినా ఆ పల్లె ఆడవాళ్ళు మా పప్పు కొనడం మానేశారు. కల్తీ పప్పు అన్న మాట అప్పటికే ఊరు దాటింది. తాత పెట్టిన కొట్టు, ఆయన నిలబెట్టిన పేరు. నాన్న అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవారు.

మా మేడ మీద అద్దెకుండే ఇంజనీరుగారిది చమురు బావుల దగ్గర ఉద్యోగం. అమ్మ పెట్టే పులుసు కోసం ఆదివారాలు కిందికి దిగుతారు. మాటల్లో ఈ పప్పు సంగతి వచ్చింది.

"ఆ పల్లె చివర కొబ్బరితోటల్లో మా పాత బావి ఒకటుందండి. చమురు అయిపోయింది. ఇప్పుడు అందులోకి నీళ్ళు పంపుతున్నారు" అన్నారాయన.

"నీళ్ళేంటండి?" అంది అమ్మ.

"చమురుతో పాటు ఉప్పునీళ్ళు కూడా పైకొస్తాయండి. కొన్నిచోట్ల సముద్రం కంటే ఉప్పన. కాలవలో వదిలితే చేలు పోతాయి. అందుకని ట్యాంకర్లలో తెచ్చి మళ్ళీ భూమి లోపలికి, బాగా లోతుకి, పంపుతో నెట్టేస్తారు."

అమ్మకు తెలిసిన భూగర్భశాస్త్రం అంతా మా గోడౌనులోదే. "లోపల చోటుండాలిగా బాబూ? నిండిన బస్తాలో ఇంకా కూరితే కుట్టు ఊడదూ?" అంది.

ఆయన నవ్వారు. "అదేనండి భయం. ఒత్తిడి పెరిగితే లోపలున్న పాత పగుళ్ళు కాస్త జారతాయి, నేల అదురుతుంది. బావి గొట్టం చుట్టూ పోసిన సిమెంటు దెబ్బతింటే ఆ ఉప్పునీళ్ళు పైకి దారి చూసుకుంటాయి. ఉప్పెక్కిన నీళ్ళలో పప్పు ఉడకదు."

"అయితే అక్కడ జరిగింది అదేనా?" అన్నాను నేను.

ఆయన పులుసు గిన్నె పక్కకు జరిపారు. "అని చెప్పలేనండి. కాదనీ చెప్పలేను. చుట్టూ రొయ్యల చెరువులున్నాయి, సముద్రమూ దూరం కాదు. ఆ నీళ్ళు పరీక్ష చేయిస్తే గానీ తెలీదు."

నాన్న చెవికి ఎక్కింది ఒక్కటే. తప్పు నీళ్ళది, పప్పుది కాదు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మర్నాడే నన్ను స్కూటరెక్కించారు. నా ఒళ్ళో మా కుళాయి నీళ్ళ క్యాను, ముందు పప్పు సంచి. ఆ పల్లెలో మామ్మగారి బావికున్న పేరు దారంతా నాకు గుర్తొస్తూనే ఉంది. ఆవిడ మామగారు తవ్వించిన బావి అది. ఎవరింట్లో పెళ్ళయినా, వంటవాళ్ళు పప్పుకు మాత్రం ఆ బావి నీళ్ళే తెమ్మనేవారు. పెళ్ళివారు బిందెలతో గుమ్మంలోకి వస్తే, మామ్మగారు పట్టుచీర కట్టుకుని దగ్గరుండి తోడించేవారట.

వెళ్ళేసరికి అరుగు మీద గోడ బీటకు కొత్తగా సిమెంటు పూసి ఉంది. నాన్న వచ్చిన పని చెప్పగానే ఆవిడ జోడు పొయ్యి వెలిగించారు. ఒక గిన్నెలో మా నీళ్ళు, ఒక గిన్నెలో ఆవిడ బావి నీళ్ళు, రెండింటిలో ఒకే సంచిలోని పప్పు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చుట్టూ చేరారు. నాన్న పెళ్ళికొడుకు తండ్రిలా కుర్చీలో కూర్చున్నారు.

పప్పు ఉడుకుతుండగా గూట్లో కంచాలు సన్నగా గలగలమన్నాయి. నా కాళ్ళ కింద నేల ఒక్కసారి జలదరించినట్టయింది. "లారీ అయ్యుంటది" అన్నారు మామ్మగారు. రోడ్డు మీద లారీ లేదు. ఎవరూ అటు తిరిగి చూడలేదు కూడా.

గిన్నెలు దించారు. మా నీళ్ళలో పప్పు గరిటె తగలగానే నలిగిపోయింది. ఆవిడ నీళ్ళలో బద్దలు గింజల్లా గిన్నె అడుగున కదులుతున్నాయి. ఆడవాళ్ళు నాన్న వైపు చూశారు, తర్వాత బావి వైపు చూశారు. నాన్న గెలిచారు. ఇన్నాళ్ళుగా కడుపులో దాచుకున్న మాట అనడానికి కుర్చీలోంచి లేచారు. లేచి, మామ్మగారి మొహం చూశారు. ఆవిడ గిన్నెల వైపు చూడడం లేదు. పైట చెంగు వేలికి చుట్టుకుంటూ తల దించుకుని ఉన్నారు.

"పప్పులోనే ఏదో తేడా ఉన్నట్టుందండి" అన్నారు నాన్న, అందరికీ వినపడేలా. "కొన్ని రకాలు కొన్ని నీళ్ళకి పడవు. తప్పు మాదే. మార్చి ఇస్తాను."

సొంత పప్పుకు ఆయన వంక పెట్టడం నా జన్మలో అదే మొదలు. మా నాన్న అంటే నాకు ఎప్పుడూ ఇష్టమే. ఆ పూట అది ఇంకాస్త పెరిగింది.

ఆడవాళ్ళు ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మామ్మగారు పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగారు.

"మీకు అబద్ధం చేతకాదండి శెట్టిగారూ. సానాళ్ళ నుంచీ టీ విరిగిపోతంది. నీళ్ళని నాకు తెలుసు" అన్నారు.

నాన్న తెల్లబోయారు. "మరి పప్పు ఎందుకు తెచ్చారు పిన్నిగారూ, అన్నిసార్లు?"

"పప్పయితే మీరు మార్చి ఇస్తారండి. బావిని ఎవరు మారుస్తారు?"

నాన్న క్యాను మూత తీశారు. క్యానులో మిగిలిన నీళ్ళు ఆవిడ బిందెలోకి వంచారు. ఆవిడ వద్దనలేదు.