పేరుకోని కొబ్బరినూనె

మా చిన్నప్పుడు... డిసెంబరు నెలలో తెల్లారకముందే మా నాయనమ్మ లేచి, లైటు వేసి, గూట్లోంచి కొబ్బరినూనె సీసా తీసి వంచి చూసేది. నేను బొంతలోంచి ముక్కు మాత్రం బయటపెట్టి ఆవిణ్ణే చూస్తుండేదాన్ని.

మాది రేపల్లె. ఎండాకాలం రేడియోలో రెంటచింతల ఎండల గురించి రోజూ చెప్పేవాళ్ళు గానీ, మా ఊరి చలి సంగతి ఎవరూ చెప్పిన పాపాన పోలేదు. ఇంట్లో థర్మామీటర్ ఉన్నా అది మా ఒంటికి జ్వరం చూడ్డానికే. ఊరి సంగతి తెలియాలంటే ఆ నూనె సీసానే దిక్కు...

వేసవిలో నీళ్ళలా జారిపోయేది. కార్తీకం వెళ్ళాక అడుగున తెల్లగా మబ్బు పట్టేది. అసలు చలి మొదలయ్యాక మైనంలా పేరుకుపోయేది. అప్పుడిక పుల్ల పెట్టి తవ్వి తలకి రాసుకోవడమే.

ఈ సీసా మీద మా తాతయ్య ప్రాణం ఆధారపడి ఉండేది. అతిశయోక్తి కాదు... చెప్తా వినండి.

తాతయ్య రిటైరైన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. డిసెంబరు మొదలైతే మా చర్చివాళ్ళు తెల్లవారుజామున వీధివీధీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడేవాళ్ళు. పాట ఎత్తుకునేది తాతయ్యే. ఆయన ఒక చరణం అందుకుంటే మిగతావాళ్ళు అందుకోవాలి. కానీ ఆయనకి ఉబ్బసం. ఒక చలికాలం ఊపిరాడక తెనాలి ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. అందుకని ఇంటికి రాగానే నాయనమ్మ ఒక రూలు పెట్టింది.

"నూనె కదిల్తే వెళ్ళండి. పేరుకుంటే మాత్రం ఎండొచ్చేదాకా గడప దాటొద్దు."

ఆ తర్వాతి క్రిస్మస్‌కి నూనె పేరుకుంది... పాటలవాళ్ళు మా వీధిలోకి వచ్చినప్పుడు తాతయ్య మఫ్లర్ చుట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, చేత్తో మోకాలి మీద తాళం వేసుకుంటూ విన్నాడు. నోరు మాత్రం తెరవలేదు. ఆ మొహం నాకిప్పటికీ గుర్తే.

మరుసటి ఏడు చలి ఇంకా ముదిరింది. కుంపటి ముందునుంచి ఎవరూ లేచేవాళ్ళు కాదు. అయినా మా సీసాలో నూనె మాత్రం చక్కగా కదులుతోంది. నాయనమ్మ వంచి చూడ్డం, గూట్లో పెట్టెయ్యడం... తాతయ్య గబగబా స్వెట్టర్ వేసుకుని వెళ్ళిపోవడం.

నేను తాతయ్య పక్కనే పడుకునేదాన్ని. ఒకరోజు నిద్రలో పక్కకి దొర్లితే మోచేతికి గట్టిగా ఏదో తగిలింది. దుప్పటి తీసి చూస్తే... ఆయన చంకలో కొబ్బరినూనె సీసా.

"తాతయ్యా, ఇదేంటి?"

"ష్... పడుకోమ్మా. నీ జడకేలే."

నాయనమ్మ లేవకముందే లేచి, దాన్ని మళ్ళీ గూట్లో పెట్టి, ఏమీ ఎరగనట్టు మంచమెక్కేవాడు. ఊళ్ళో పిల్లలకి నీతులు చెప్పిన మాస్టారు చేసిన పని ఇది.

అక్కడితో ఆగితే బాగుండేది. పక్కింటి ఖాజాబీ పిన్ని గిన్నె పట్టుకుని వచ్చింది.

"మా ఇంట్లో నూనె రాయైపోయింది అత్తమ్మా. పిల్లలు బడికెళ్ళాలి, కాస్త పొయ్యండి. అయినా వీధి వీధంతా పేరుకుంటే మీ ఇంట్లో పేరుకోలేదేంటండి?"

తాతయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మా ఇల్లు కాస్త వెచ్చనమ్మా," అంటూ నాయనమ్మ గిన్నెలో నూనె పోసింది. పేపరు వైపు ఒక్క చూపు చూసింది.

ఆవిడ నాకు జడ వేస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "నాయనమ్మా, నీకు తెలుసా?"

"పొద్దున్నే సీసా చేతికి వెచ్చగా తగుల్తుంటే తెలీదేంటే... మానమంటే మానతారు. మానేసి ఆ కిటికీ కాడ కూర్చుంటారు. అది నేను చూళ్ళేను."

రిబ్బను ముడి గట్టిగా బిగించింది.

మర్నాడు తెల్లవారుజామున తాతయ్య బయల్దేరేసరికి నాయనమ్మ శాలువా కప్పుకుని, ఫ్లాస్కులో శొంఠి కాఫీ పోసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "పదండి," అంది అంతే. ఆయన పాడుతూ ముందు, ఆవిడ ఫ్లాస్కుతో వెనక. దగ్గొస్తే పాట ఆగేది. రెండు గుక్కలు తాగాక మళ్ళీ సాగేది. అలా చాలా ఏళ్ళు క్రిస్మస్‌కి మా వీధిలో ఆయన గొంతే ముందు వినిపించింది.

చివరికి ఆయన పోయింది చలికి కాదు... మే నెల ఎండల్లో.

ఆ డిసెంబరులో నేను కాలేజీకి టైమవుతోందని నూనె కోసం చూస్తే గూట్లో సీసా లేదు. నాయనమ్మని అడిగాను. మంచం మీద కూర్చుని ఉన్న ఆవిడ శాలువాలోంచి సీసా తీసి ఇచ్చింది. చేతికి వెచ్చగా తగిలింది.

ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ మాత్రం ఏడవలేదు. "జడ వేసుకో, బండి పోద్ది," అంది.

ఇప్పుడు నేనుండేది తెనాలిలో. డిసెంబరులో కూడా ఫ్యాను తిరగాల్సిందే. నూనె ప్లాస్టిక్ డబ్బాలో వస్తోంది, పేరుకునే రోజులే తగ్గిపోయాయి...

మొన్న ఒక్క పొద్దున మాత్రం పేరుకుంది. మా పాప "ఎండలో పెడతానమ్మా" అంటే వద్దన్నాను. డబ్బా శాలువాలో పెట్టుకుని కూర్చున్నాను, అది కరిగేదాకా. పాపకి బడి ఆలస్యమైంది, పోనీలెండి.

మీ ఇంట్లో చలి వచ్చిందని ముందుగా చెప్పేది ఏది? ఆ చలికి మీకోసం ఎవరు అడ్డం నిలబడేవాళ్ళు? తీరిగ్గా రాయండి... చదువుతాను.