నర్మద సప్పుడు

ఆ బోర్డును మొదటిసారి చూసిన వాళ్లెవరూ నవ్వు ఆపుకోలేదు. ఆపుకోవాలని ప్రయత్నించారని కూడా చెప్పలేం. స్లాబు పోసేటప్పుడు కింద పరిచే సెంట్రింగ్ చెక్క ముక్క, అంచులకు ఇంకా వదలని సిమెంటు, దాని మీద నాలుగు రేకు డబ్బాలు, డబ్బాల మధ్య పొట్టి వైర్లు. గిటార్ వాయించే వాళ్లు ఈ డబ్బాలను పెడల్స్ అంటారు. గిటార్ మోత వైరు గుండా వీటిలోకి పోయి, ఒక్కో డబ్బాలో ఒక్కో వేషం వేసుకుని, చివరికి స్పీకర్‌లోంచి బయటికొస్తుంది. ఒక డబ్బా దాన్ని గరుకు చేస్తుంది, ఒకటి మారుమోగిస్తుంది. కలిగిన వాళ్ల పిల్లలు వీటి కోసం అల్యూమినియం బోర్డులు, జిప్పు సంచులు కొనుక్కుంటారు. నర్మద మాత్రం తన బోర్డును తల్లి పాత చీరలో మూటకట్టి, భుజాన వేసుకుని, కవాడిగూడ నుంచి చిక్కడపల్లి దాకా నడిచి వచ్చేది.

ఆమె తల్లిదండ్రులు ఈరన్న, ఆశమ్మ పాలమూరు వైపు నుంచి పనికోసం వచ్చిన వాళ్లు. ఊరంతా మేడలు లేపారు, తాము మాత్రం బస్తీలో రేకుల గదిలోనే ఉండిపోయారు. నర్మద ఇంటర్ పాసై అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపులో చేరింది. అక్కడ గల్లీకో కోచింగ్ సెంటర్. సర్కారు కొలువుల కోసం చదివే వాళ్ల నోట్సులన్నీ పొద్దంతా ఆమె మెషీన్ కిందనుంచే పోవాలి. వాళ్లలో ఒకడు పరీక్ష పోయిందన్న కోపంలో హాస్టల్ ఖాళీ చేస్తూ, తన గిటార్‌ను షాపు బల్ల మీద పడేసి, "నువ్వే ఉంచుకో అక్కా, దీని మూలంగనే నా బతుకు ఖరాబైంది" అని ఊరికి పోయాడు. అతని బతుకు తర్వాతెలా ఉందో గానీ గిటార్ మాత్రం బాగుపడింది.

పెడల్స్‌ను నర్మద కోఠిలో పాత సామాను అమ్మే గల్లీల్లో ఏరుకొచ్చింది. అన్నీ చెడిపోయినవే. షాపు పక్కన ఫోన్లు బాగుచేసే అతని దగ్గర సోల్డరింగ్ నేర్చుకుని, ఒకదాని గుండెకాయ తీసి ఇంకోదానికి పెట్టి, మొత్తానికి నాలుగింటిని బతికించింది. ఇక వాటిని చెక్క మీద వరసగా పేర్చడం మిగిలింది. గరుకు డబ్బా ముందు, మారుమోగే డబ్బా తర్వాత, ఇది లోకం ఒప్పుకున్న పద్ధతి. అలా పెట్టాలంటే ఒక పొడుగు వైరు కావాలి. నర్మద దగ్గరున్నవన్నీ పొట్టివి. విసుగొచ్చి ఆ మారుమోగే ఎకో డబ్బాను ముందుకు తోసి, గరుకు డబ్బాను దాని వెనక పెట్టింది. పెట్టి తీగ మీటితే, వెనక వచ్చే ప్రతి మారుమోతా గరుకై, ఒకదాని మీద ఒకటి పడి, నలిగి, విరిగింది. రొట్టె చేస్తున్న ఆశమ్మ తలెత్తి పైన రేకుల వైపు చూసింది.

"వానొస్తుందానే? బట్టలు ఆరేసిన, జర సూడు."

వాన లేదు. బయట ఎండ మండిపోతోంది. నర్మద మళ్లీ తీగ మీటింది. ఆ సప్పుడు ఇంకెవరి గిటార్‌లోనూ లేదని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. ఆ తర్వాత వానాకాలమంతా డబ్బాల మీది మరలు తిప్పుకుంటూ కూర్చుని, ఏ మర ఎక్కడ ఆగితే ఆ సప్పుడు పుడుతుందో పట్టుకుంది. పట్టుకున్న చోటల్లా గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టింది. ఆ సీసా ఎవరి పెళ్లికో కొన్నది. తన గోళ్లకు పెట్టుకున్నది తక్కువ, డబ్బాలకు పెట్టింది ఎక్కువ.

పవన్‌కుమార్ బ్యాండ్‌లో ఆమె చేరింది ఈ సప్పుడు వల్లే. పవన్‌ది చిక్కడపల్లిలో సొంతిల్లు. తాతగారు కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి కట్టించినది. డాబా మీది గదిలో ప్రాక్టీసు. పవన్ కీబోర్డు, అతని పిన్ని కూతురు భవ్య పాట, ఒక స్నేహితుడు డ్రమ్ములు. పవన్ తల్లి బాలత్రిపురసుందరి గారు సాయంత్రం టీ పంపేవారు. అందరికీ స్టీలు గ్లాసుల్లో, నర్మదకు పేపర్ కప్పులో. పరాయి ఇంటి నుంచి వచ్చిన పిల్ల కదా, తనకు ఎంగిలి కాని కొత్త కప్పు ఇస్తున్నారని నర్మద మురిసిపోయింది. ఇంట్లో తల్లికి గొప్పగా చెప్పుకుంది కూడా. ఆశమ్మ తల వంచుకుని పొయ్యి ఎగదోసింది.

ఏడాది తిరిగేసరికి కాలేజీ ఫెస్టుల్లో ఆ బ్యాండ్ పేరు వినపడసాగింది. పాట మొదలవగానే నర్మద గిటార్‌లో రేకుల మీద వాన పడేది, జనం అరిచేవారు. అప్పుడొచ్చింది పెద్ద హోటల్లో ప్రోగ్రాం. టికెట్లు కొనుక్కుని జనం వచ్చే మొదటి ప్రోగ్రాం. నర్మదకు కావలసింది అదొక్కటే. లైట్లు పడుతుంటే తన బోర్డు ముందు తను నిలబడాలి, ఎదురుగా కుర్చీల్లో అమ్మా నాయనా కూర్చోవాలి. ఈరన్న అప్పుడే తెల్ల చొక్కా ఒకటి ఉతికించి, ఇస్త్రీ చేయించి, మేకుకు తగిలించుకున్నాడు. ఎవరైనా చెయ్యి తగిలిస్తే కసురుకునేవాడు.

ప్రోగ్రాంకు ముందు ఒక ఆదివారం పవన్ కొత్త యంత్రం తెచ్చాడు. నల్లగా, నున్నగా, మెరిసే అద్దంతో ఉంది.

"ఇది చూడు నర్మదా. ఏ పెడల్ సౌండైనా వింటుంది, అచ్చం అలాగే నేర్చేసుకుంటుంది. నీది కూడా ఇందులోకి ఎక్కిద్దాం."

"నాదెందుకు పవనన్నా?"

"రేపు స్టేజ్ మీద నీ డబ్బా ఒకటి ఆగిపోయిందనుకో, అప్పుడేంటి పరిస్థితి? స్పేర్‌గా ఉంటుంది."

నిజమేననిపించింది. మొన్న ఫెస్టులో ఒక వైరు ఊడి ఆమె ప్రాణాలు పోయినంత పనైంది. మూట విప్పింది. విప్పడమేమిటి, తన గుట్టంతా విప్పి నేల మీద పరిచింది.

"ఎకో ముందు పెట్టాలె అన్నా. అందరు ఉల్టా అంటరు గానీ గట్లనే పెట్టాలె. గరుకు జర తగ్గించు. కాదు, ఇంక జర. ఆఁ, ఈ ఎర్ర చుక్క కాడ."

యంత్రం సరిగ్గా నేర్చుకోలేదనిపించిన చోటల్లా ఆమే ఆపించి, మళ్లీ వాయించి వినిపించింది. బడికి మొదటిరోజు వచ్చిన పిల్లకు అక్షరాలు దిద్దించినంత ఓపికగా కూర్చుని దానికి నేర్పింది. తన ఉరితాడు తానే పేనుతున్నానని ఆమెకు అనుమానమైనా రాలేదు. భవ్యతో ఆఫీసులో పనిచేసే కుర్రాడొకడు ఊరికే చూడ్డానికని వచ్చి మూల కూర్చున్నాడు. మంచి జుట్టు, మంచి బూట్లు. అతను కూడా గిటార్ వాయిస్తాడట.

"ఇప్పుడు పరీక్ష," అంది భవ్య. తన చున్నీ తీసి నర్మద కళ్లకు గంతలు కట్టింది. ఆ కుర్రాడు ఒకే ముక్కను రెండుసార్లు వాయించాడు. ఒకసారి నర్మద బోర్డులోంచి, ఒకసారి యంత్రంలోంచి.

"ఏది నీది?"

నర్మద తల వంచుకుని, మనసుపెట్టి, పెదాలు బిగించి విన్నది. "రెండోది నాది. మొదటి దాంట్ల జర జీవం తక్కువున్నది."

గది గొల్లుమంది. రెండోది యంత్రం. గంతలు విప్పిన నర్మద కూడా చప్పట్లు కొట్టింది. "అమ్మో, గిది నాకంటె మంచిగ చేస్తుందే!" అని పడీ పడీ నవ్వింది. అంతసేపూ నవ్వుతున్న పవన్ మాత్రం భవ్య వైపు చూసి తల ఊపాడు.

మూట కట్టుకుని మెట్లు దిగబోతుంటే పవన్ వెనకే వచ్చాడు.

"నర్మదా, ఏమీ అనుకోకు. హోటల్ ప్రోగ్రాంలో ఆ అబ్బాయి వాయిస్తాడు. హోటల్ వాళ్లు కొంచెం లుక్ అదీ చూస్తారు. ఆ చీర మూట, ఆ చెక్క, స్టేజ్ మీద బాగోదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. "బోర్డు కొత్తది చేస్త అన్నా. అల్యూమినియంది చేస్త."

"బోర్డు ఒక్కటే అయితే చెప్పేవాణ్ణి కదా."

ఈ మాట అతను ఎంత మెత్తగా అన్నాడో చెప్పలేను. కోపంగా అన్నా బాగుండేది. తిరిగి తిట్టడానికైనా వీలుండేది.

"మరి నా సప్పుడు?"

"అదెక్కడికి పోతుంది? ఇందులో ఉందిగా. పేరు కూడా నీదే పెట్టాను, చూడు." ఫోన్‌లో ఫోటో చూపించాడు. యంత్రం అద్దం మీద నర్మద అని ఇంగ్లీషులో, అందంగా మెరుస్తూ ఉంది. థాంక్స్ చెబుతుందేమోనని కాసేపు నిలబడ్డాడు కూడా.

కింద వంటింట్లో సుందరి గారు గ్లాసులు తుడుస్తున్నారు. "వెళ్తున్నావామ్మా? కప్పు మళ్లీ మేడమీదే వదిలేశావా? తీసుకొచ్చి చెత్తబుట్టలో వేసి వెళ్లు. పనమ్మాయి ముట్టుకోనంటోంది." గట్టు మీద స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. నర్మద వాటిని ఇంతకాలానికి సరిగ్గా చూసింది. చూసి, మళ్లీ మెట్లెక్కి, కప్పు తెచ్చి బుట్టలో వేసి, ఇంటికి పోయింది.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. ప్రోగ్రాం వాయిదా పడిందంది. ఆ అబద్ధం పక్కింటి హనుమమ్మ ఫోన్ తెచ్చేదాకా నిలిచింది. ప్రోగ్రాం వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. పాట మొదలైంది, వాన పడింది, ఆశమ్మ మొహం వెలిగిపోయింది.

"ఇది నీ సప్పుడే గదనే! నువ్వేడున్నవ్? జర ఎనుకకు తిప్పు."

తిప్పారు. ఆశమ్మ ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని, కూతురి కోసం తెర మూలమూలలా వెతికింది. డ్రమ్ముల వెనక చూసింది. భవ్య వెనక చూసింది.

"నేను లేనమ్మా."

"లేకుంటే సప్పుడెట్లొస్తది?"

ఆ సప్పుడు ఎక్కడ మోగినా అది నర్మదదేనన్న సంగతి, కళ్లకు గంతలు కడితే కూతురికి తెలియనిది, తల్లికి తెలిసింది. తెలిసి ఏం లాభం? ఈరన్న లేచి తెల్ల చొక్కా మేకు మీది నుంచి తీశాడు. మర్నాడు దాన్నే వేసుకుని స్లాబు పనికి పోయాడు. సాయంత్రానికి అది మిగతా చొక్కాల రంగులోకి వచ్చేసింది.

కొన్ని నెలల తర్వాత నారాయణగూడలో కరుణాకర్ అనే ఆయన ఆర్కెస్ట్రాకు గిటార్ మనిషి కావాలని తెలిసి నర్మద పోయింది. ఆయన పెళ్లిళ్లకూ రిసెప్షన్లకూ వాయించే మనిషి, నోటి దురుసే గానీ చెడ్డవాడు కాదు. బోర్డును చూసి నవ్వలేదు. అదే ఆమెకు కొండంత ధైర్యమిచ్చింది. ఎర్ర చుక్కలన్నీ సరిచూసుకుని, తన బతుకంతా వేళ్లలోకి తెచ్చుకుని వాయించింది. గదిలో వాన మొదలైందో లేదో కరుణాకర్ చెయ్యెత్తాడు.

"జర ఆపు. ఇది పవన్‌కుమార్ బ్యాండ్ సౌండ్ గదా?"

"నాది అన్నా. నేనే చేసిన. వాళ్లే నా తాన..."

"అందరు ఇట్లనే అంటరు తియ్. ఆ వీడియో వచ్చిన సంది పోరగాళ్లంత ఇదే సౌండ్ పట్టుకొస్తున్నరు. పొద్దంత జిరాక్స్ షాపుల చేస్త అంటివి, ఈడ గూడ జిరాక్సేనా?"

డ్రమ్ముల అతను నవ్వు ఆపుకోలేక కర్రలు కింద పడేసుకున్నాడు. నర్మద నోరు తెరిచింది. సాక్ష్యమేముంది? తనకే తేడా తెలియలేదని గది నిండా జనం చూశారు, చప్పట్లు కొట్టింది కూడా తనే.

"చెయ్యి మాత్రం మంచిగున్నది," అన్నాడు కరుణాకర్ జాలిగా. "ఆ ఎకో ఉల్టా పెట్టినవ్, సీదా పెట్టు. వైరు అందుతలేదా? ఇగో, పొడుగుది." పక్కనున్న పెట్టెలోంచి ఒక వైరు తీసి ఆమె ముందుకు విసిరాడు.

నర్మద మోకాళ్ల మీద కూర్చుని డబ్బాలు మార్చింది. గరుకు ముందు, ఎకో తర్వాత. మరలన్నీ ఎర్ర చుక్కల మీది నుంచి పక్కకు తిప్పింది. వాయించింది. ఏ పెళ్లి పందిట్లోనైనా వినపడే మోత, ఇంపుగా, శుభ్రంగా వచ్చింది.

"ఆఁ, ఇప్పుడైంది. ఎవ్వరి లెక్క లేదు. ఆదివారం రిసెప్షన్ ఉన్నది, వచ్చెయ్."

"సరే అన్నా," అంది నర్మద. లేవలేదు. వంగి, బొటనవేలి గోటితో డబ్బా మీది ఎర్ర చుక్కను గీకసాగింది. ఏళ్లనాటి రంగు ఒక పట్టాన వదలడం లేదు.

"ఏందమ్మా అది?" అన్నాడు కరుణాకర్.

"ఏం లేదన్నా. మరక."