ఒకే వంటగది పిల్లలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా రైల్వే ట్రాఫిక్ కాలనీ అంతా చెప్పుకుంటుంది. మనుషుల మీద కోప్పడటం వేరు. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం నేను కోప్పడింది ఒక ఏఐ ఏజెంటు మీద. అది కూడా పక్క క్వార్టర్ అత్త వరండాలో, ఆవిడ సామాన్లు మూటలు కడుతుండగా.

అత్త అంటే చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న గూడ్సు గార్డు, అమ్మ నర్సు. ఇద్దరూ డ్యూటీకి పోయిన రోజు నా కంచం అత్త ఇంట్లోనే. నాదే కాదు, మా వరసలో పిల్లలందరిదీ అదే కథ. వెనక క్వార్టర్ బెంగాలీ కుర్రాడు కూడా ఆవిణ్ణి వాళ్ళ భాషలో మాసీ, అంటే పిన్నీ, అని పిలుస్తూ, పప్పన్నంలో ఆవకాయ కలుపుకుని ముక్కు ఎగబీల్చుకుంటూ తినేవాడు. అత్తకు పిల్లల్లేరు. మాకు ఆ సంగతి బాగా పెద్దయ్యేదాకా తట్టనే లేదు.

మామ వర్క్‌షాపులో రిటైరయ్యాడు. నెలాఖరుకి క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. అమ్మ ఊళ్ళోనే నిమ్‌పురా వైపు అద్దె ఇల్లు చూసిపెట్టింది, మాకు సైకిలు మీద వెళ్ళొచ్చేంత దూరం. కానీ శ్రీకాకుళం దగ్గర మామ తమ్ముడి కొడుకు ఒక గది ఇస్తానన్నాడని అత్త అక్కడికే బయల్దేరింది. ఆ ఊళ్ళో ఆవిడ ఎన్నడూ కాపురం చెయ్యలేదు, అక్కడ ఉప్పు అప్పడిగేందుకు కూడా ఆవిడకు మనిషి లేడు. మామను అడిగితే ఠీక్ హై అన్నాడు. ఆయన దేనికైనా అదే అంటాడు.

వెళ్ళొద్దని బతిమాలాను. అత్త నా మొహం చూడకుండానే, "ఇక్కడ నాకెవులున్నారే? అక్కడైతే సొంతోలు" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇన్నేళ్ళు అన్నం పెట్టి, ఒక్క మాటతో మమ్మల్ని పరాయివాళ్ళను చేసేసింది. ఏడుపొచ్చింది గానీ, పైకి మాత్రం లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాను.

పని కూడా నెత్తి మీదుంది. పిల్లల సంక్షేమం గురించిన గణాంకాలు బోలెడన్ని విభాగాలుగా ఉంటాయి. పోషణ, టీకాలు, బడి, సంరక్షణ, ఒక్కోదాని కింద మళ్ళీ చిన్న విభాగాలు. ఏఐ ఏజెంట్లంటే మనం ప్రశ్న అడిగితే తమంతట తామే వెతుక్కుని జవాబు తెచ్చే ప్రోగ్రాములు. అవి ఆ విభాగాల్లో దారి తప్పకుండా తిరగడానికి నేనొక టూల్ తయారు చేస్తున్నాను. ఏ విభాగంలో ఏముందో రెండు ముక్కల్లో రాసిపెట్టాలి. ఏజెంటు అది చదువుకుని ఏ తలుపు తెరవాలో తేల్చుకుంటుంది. నేను తప్పు రాస్తే అది తప్పు గదిలోకే పోతుంది.

పరీక్షించడానికి నా చిన్నతనాన్నే ప్రశ్నగా ఇచ్చాను. ఒక పాప ఉంది, అమ్మానాన్నలది షిఫ్టు డ్యూటీ, తిండి పక్కింట్లో, ఈ పాప సంగతి ఏ విభాగంలో చూడాలి అని. ఏజెంటు చకచకా అన్నీ తిరిగి, కుటుంబ సంరక్షణ లేని పిల్లల విభాగం దగ్గర ఆగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను దిక్కులేనిదాన్ని చేసేశావా అని దాన్ని గట్టిగానే తిట్టాను. అత్త మూట కట్టడం ఆపి, ఎవరితో తగువు అని అడిగింది. చెప్పాను.

"నాను వొండి పెడితే దిక్కులేని గుంటవైపోనావేటి?" అని ఆవిడకీ రోషం వచ్చింది.

తీరా చూస్తే తప్పు దానిది కాదు. కుటుంబం అన్నదాని ఎదురుగా నేనే "ఒకే క్వార్టర్లో ఉండేవాళ్ళు" అని రాసిపెట్టాను. అందుకే పక్క క్వార్టర్లో తినే పాపను ఇంటివాళ్ళెవరూ చూసుకోవట్లేదని దానికి తోచింది. రైల్వే కాలనీలో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఇల్లంటే క్వార్టర్ నంబరే. లోకమంతా క్వార్టర్లలోనే కాపురముంటుందనుకున్నాను కాబోలు. నెత్తి కొట్టుకుని, ఆ గణాంకాలు సేకరించినవాళ్ళు కుటుంబానికి ఏ అర్థం ఇచ్చారో తీసి చూశాను. ఒకే వంటగదిలో వండింది తింటూ ఉండేవాళ్ళంతా ఒక కుటుంబం అని ఉంది. నా వాక్యం కొట్టేసి అది పెట్టి, మళ్ళీ అదే ప్రశ్న వేశాను. ఈసారి ఏజెంటు తిన్నగా కుటుంబంలో పెరిగే పిల్లల విభాగానికి వెళ్ళింది. ఈ అర్థం ప్రకారం పాప పక్కింటి కుటుంబంలో మనిషి అవుతుందని కింద రాసింది కూడా.

అత్తకు చదివి వినిపించాను. నమ్మలేదు. నన్ను ఊరుకోబెట్టడానికి నువ్వే రాసుకున్నావు అంది. నేను రాసిందే తప్పయిందని, ఇది లెక్కలు రాసేవాళ్ళు ఎప్పుడో పెట్టుకున్న అర్థమని, స్క్రీను ఆవిడ వైపు తిప్పి తెలుగులో చెప్పాను. ఆవిడ చేతిలో తాడు కింద పెట్టి స్క్రీను వైపు వంగింది.

"ఒక పొయ్యి మీద వొండింది తిన్నోలంతా ఒకిల్లేనా? వెనకింటి బెంగాలీ గుంటడు కూడానా?"

వాడు కూడా అన్నాను. వరసలో అందరం అన్నాను.

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత నవ్వింది. గోనెసంచిలో అడుగున కట్టేసిన పెద్ద తపేలా వైపు చెయ్యి చూపించింది. అందులోనే మా అందరికీ అన్నం ఉడికేది.

"అయితే దాన్ని బయటికి తీయవే. నిమ్‌పురా ఇంట్లో వంటగది ఏపాటిదో మీ అమ్మనడగాల."

లోపల్నుంచి మామ ఠీక్ హై అన్నాడు.