పళ్లున్న మనిషి కావలెను

మా దీవుల రాజధాని సువాలో పళ్ల డాక్టరు డిగ్రీ వెలగబెడుతున్న ఆ రోజుల్లో నేను ఎవరితో మాట్లాడినా కళ్లలోకి కాక నోట్లోకి చూసేవాణ్ణట. మాట్లాడేవాళ్లే కరువు కాబట్టి, ఎవరైనా నా ముందు నోరు తెరిస్తే అదే భాగ్యంగా ఉండేది. మాది అవతలి దీవిలో లంబాసా పక్కన బులిలేకా. చెరుకు తోటల మధ్య, ఏ ఇంట్లోకి దూరినా ఒక పిన్నో బాబాయో కంచం పెట్టే చోటు నుంచి ఓడెక్కి వచ్చి సువాలో దిగాను. అక్కడ ఎడతెగని వాన, ఒక అద్దె గది, అందులో నేను. వాన కనీసం రేకు మీద చప్పుడైనా చేసేది. (నేను అదీ చెయ్యలేదు.)

మూడో ఏడు మా మేడమ్ ఒక పిడుగు వేసింది. పరీక్షకు ఎవరి పేషెంటును వాళ్లే తెచ్చుకోవాలి. పళ్లకు పట్టిన గార ఆవిడ చూస్తుండగా గీకి శుభ్రం చెయ్యాలి. పేషెంటు దొరకనివాడు ఆ ఏడు మళ్లీ చదవాలి. తోటివాళ్లకు ఇదొక సమస్యే కాదు. ఒకమ్మాయి మేనత్తలు నేనంటే నేనని పోట్లాడుకున్నారు. ఇంకొకడి కోసం వాళ్ల చర్చి పాటల బృందం మొత్తం వచ్చి వరండాలో కూర్చుంది. నాకు సువాలో తెలిసిన నోరు ఒక్కటే, మా ఇంటి యజమానిది. అది "లైటు ఆర్పు" అనడానికి తప్ప తెరుచుకునేది కాదు. బస్సులో ఆవులించేవాళ్లను ఆశగా చూసేవాణ్ణి. వాళ్లు సంచీ దగ్గరకు లాక్కునేవారు.

చివరికి ఆదివారం భజనకు వెళ్లాను. భక్తితో కాదు, భజనలో అందరూ నోరు బాగా తెరుస్తారని. ముందు వరసలో డెబ్బై దాటిన ఒక అవ్వ గొంతెత్తి పాడుతోంది. ముత్యాల వరస లాంటి పళ్లు. మూడేళ్లు చదివినవాడికి ఆ వయసులో ఆ పళ్లేమిటని అనుమానం రావాలా వద్దా? రాలేదు. ప్రసాదం దగ్గర పక్కన చేరి, "అవ్వా, ఒకసారి మా కాలేజీకి వస్తారా? మీ పళ్లు చూడాలి" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏ ఊరు పిల్లగాడు నువ్వు?"

"బులిలేకా అవ్వా."

"అచ్ఛా. నేను వాయినికోరో, మీ దిక్కే. పెళ్లి చేసి ఇక్కడ తెచ్చినారు. ఠీక్ హై బేటా, వస్తా."

అన్నట్టే పరీక్ష రోజున పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని టాక్సీలో దిగింది. కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. ఆవిడ కాస్త పక్కకు తిరిగి, పై వరస, కింది వరస రెండూ ఊడదీసి నా అరచేతిలో పెట్టింది. "ఇదిగో, చూసుకో. మంచిగా కడిగి తెచ్చినా."

గది అంతా నవ్వులే నవ్వులు. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఇందులో గార ఎక్కడుందో చూపించమంది.

"పళ్లు లేవని ముందే చెప్పలేదేం అవ్వా?" అన్నాను.

"నువ్వు అడగలా. చూడాల అన్నావు, తెచ్చినా." బోసినోటితో మాట మెత్తగా వచ్చింది. "నన్ను ఎవరు ఎక్కడ రమ్మంటారు బేటా? నువ్వు రమ్మన్నావు."

పళ్లున్న మనిషి దొరక్కపోతే నాకు ఏడాది పోతుందని చెప్పాను. ఆవిడ లేచి బయటికి నడిచింది. వెనకే పరుగెత్తాను. ఆవిడను తెచ్చిన టాక్సీ డ్రైవరు స్టీరింగు పట్టుకుని "నై మాంగ్తా, ఆజీ" అని, తనకొద్దని బతిమాలుతున్నాడు. "దారంతా నీ నోరు వాసన నేను పీల్చినా. రా" అంది అవ్వ. అతను వచ్చాడు. మేడమ్ అతని ఆరోగ్యం గురించి అడగవలసినవన్నీ అడిగాక, అతనూ సరేనన్నాక నోరు తెరిపించాను. ఏళ్ల తరబడి పొగాకూ, తాగిన యంగోనా వేరు కషాయమూ కలిసి కట్టిన గార, గోడకు సున్నం పట్టినట్టు పట్టి ఉంది. అంత అందమైన దృశ్యం నేను అంతకుముందు చూడలేదు. గీకినంతసేపూ అతను అవ్వ చెయ్యి వదల్లేదు. ఆవిడ బోసినోటితోనే భజన పాడుతూ కూర్చుంది. మేడమ్ నన్ను పాస్ చేసింది.

టాక్సీ ఎక్కుతూ అవ్వ, "ఆదివారం మధ్యాహ్నం తిండికి రా" అని ఇంటి గుర్తులు చెప్పింది. ఇప్పుడు లౌటోకా ఆసుపత్రిలో నా గది ముందు బోలెడు మంది నోళ్లు పట్టుకుని కూర్చుంటారు. వాళ్లను చూస్తుంటే ఒక్కోసారి ఆ ఆదివారం గుర్తొస్తుంది. మధ్యాహ్నం భోజనానికి, ఇంకా బస్సులైనా సరిగ్గా తిరగకముందే, తల దువ్వుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తోంది. ఇప్పుడే ఎందుకొచ్చావని అడగలేదు. "వచ్చినావా, కొబ్బరి తురుము" అంది. అప్పటి నేనైన ఆ కుర్రవాడు, ఎక్కడ అయిపోతుందోనని, ఆ కొబ్బరికాయను ఎంత నెమ్మదిగా తురిమాడో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.