పొయ్యిలో వేసిన ఏడేళ్లు

నేను ఎక్కడో పని చేస్తున్నానని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీ వాళ్లకు తెలిస్తే నా కార్డు చింపి పారేస్తారు. ఈ ఒక్క మాట నమ్ముకుని ఏడేళ్లు దొంగలా బతికాను. చెప్పింది మాకు టైపు నేర్పిన సారు. హయ్యర్ పరీక్ష పాసైన ఆడపిల్లలందరినీ వరసగా నిలబెట్టి, "ఎక్స్ఛేంజీల పేరు రాయించుకోండ్రమ్మా. సీనియారిటీ వచ్చినప్పుడు గవర్నమెంటు నౌకరికి వాళ్లే పిలుస్తరు. కానీ ఒక్కటి యాదికుంచుకోండ్రి. ఆ కార్డు నౌకరి లేనోళ్లకిచ్చేది. మీరు నాలుగు పైసలు సంపాదిస్తాన్నరని తెల్సిందో, ఇగ ఖతం" అన్నారు. వర్ధన్నపేట నుంచి వచ్చిన ఒకాయన కార్డును ఎక్స్ఛేంజీ కిటికీ దగ్గరే నాలుగు ముక్కలు చేశారట. ఆ ఒకాయన్ని మేమెవరమూ చూడలేదు. సారు కూడా చూసి ఉండరు. అయినా వరంగల్‌లో టైపు నేర్చుకున్న ప్రతివాళ్లకూ ఆయన దగ్గరి చుట్టంలాగా తెలుసు.

నాకప్పటికే పెళ్లయి, ఒక ఆడపిల్ల. మా ఆయనది పవర్‌లూమ్ మీద పని. కరెంటు ఉంటే కూలి ఉంటుంది, పోతే లేదు. అత్త రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. ఇద్దరి రెక్కల కష్టమూ చాలక నేను సుబేదారిలో, ఆఫీసుల పక్క సందులో ఉన్న ఒక టైపింగ్ షాపులో చేరాను. షాపాయన మంచివాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్న అనేదాన్ని. చేరిన రోజే నేను షరతు పెట్టాను.

"అన్నా, నా పేరు ఎక్కడ రాయొద్దు. జీతమిచ్చినట్టు గూడ రాయొద్దు. ఎవరన్న అడిగితే నేనిక్కడ పని చేస్తలేను."

ఆయన నెత్తి గోక్కున్నాడు. "అందరు పేరు రాయమని అడుగుతరు. నువ్వేంది చెల్లె, ఉల్టా చెప్తాన్నవ్?"

నా బాధ ఆయనకేం తెలుసు. షాపులోకి కొత్త మనిషి అడుగు పెడితే చాలు, మిషన్ ముందు నుంచి లేచి గిరాకీలు కూర్చునే బల్ల మీద కూర్చునేదాన్ని. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వస్తే ఇక చెప్పనక్కరలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మనిషి ఏమీ అడక్కముందే "నేను గూడ కాయితం కొట్టిచ్చుకునేతందుకే వచ్చిన" అని చెప్పేదాన్ని. వాళ్లు నన్ను వింతగా చూసేవాళ్లు.

ఒకనాడు ఎక్స్ఛేంజీ కిటికీలో కూర్చునే గుమాస్తాయే స్వయంగా వచ్చాడు, చేతిలో ఏదో దరఖాస్తు పట్టుకుని. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గభాలున బీరువా వెనక్కి దూరాను. అక్కడ పాత రిబ్బన్ల డబ్బాలు, ఎలుకల కంపు. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. అన్న, "టైపిస్టు రాలేదు సార్, రేపు రాండ్రి" అంటున్నాడు. మిషన్‌లో సగం కొట్టిన కాగితం ఉంది. దాని పక్కన నా చాయ్ ఇంకా పొగలు కక్కుతోంది.

"మరి గీ చాయ్ ఎవరిది?" అన్నాడు గుమాస్తా.

"నాదే సార్" అంటూ షాపాయన ఆ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. ఆయన నోరు కాలింది. ఆ తర్వాత చాలా రోజుల దాకా, "నీ కార్డు కోసం నా నాలుక పాయె చెల్లె" అని నలుగురిలో ఎగతాళి చేసేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాకు మాత్రం ఆ బీరువా గుర్తొస్తే ఇప్పటికీ నవ్వు రాదు.

అట్లా ఏడో ఏడు నడుస్తుండగా కాల్ లెటర్ వచ్చింది. వరంగల్‌లోనే ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు పోస్టు. నాకింకా నౌకరి వయసు దాటలేదు కానీ దాటడానికి ఎక్కువ రోజులూ లేవు. ఇది పోతే ఇంకొకటి వచ్చేలోపు నేను పనికిరాకుండా పోతాను. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయనకు అప్పటికే దగ్గు మొదలైంది. దూది ధూళిలో ఎన్నాళ్లు పని చేయగలడో ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. ఆ నౌకరి వస్తే ఆయన చేత మగ్గం పని మాన్పించవచ్చని నేను లోలోపల అనుకున్నాను.

లెటర్ మళ్లీ మళ్లీ చదివాను. ఇదివరకు చేసిన పనుల వివరాలతో బయోడేటా తేవాలట. అనుభవం ఉన్నవాళ్లకు ముందు అవకాశమట. పని చేశానని రాస్తే ఎక్స్ఛేంజీకి అబద్ధం చెప్పినట్టు తేలుతుంది. ఈ కాల్ వచ్చిందే వాళ్ల దగ్గర్నుంచి. చేయలేదని రాస్తే నాకూ నిన్న పాసైన పిల్లకూ తేడా ఉండదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు కదా, సరిగ్గా ఆ రెండిటి మధ్యా నిలబడి ఉన్నాను.

అయినా రాసి చూద్దామని ఒక మధ్యాహ్నం పెన్సిలు, కాగితం పట్టుకుని అత్త పక్కన కూర్చున్నాను. ఏ ఏడు ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. గుర్తుండకూడదనే కదా ఇన్నాళ్లూ తిప్పలు పడింది.

"అత్తమ్మా, కాలేజి పిల్లల థీసిస్‌లు కొట్టుడు ఎప్పుడు మొదలువెట్టిన?"

అత్త రాట్నం ఆపలేదు. "పిల్లకు అమ్మవారు పోసిన ఏడు. నువ్వు పోనంటె నేనే ఎల్లగొట్టిన. నేను సూస్కుంట, పో అంటి."

"ఓట్ల లిస్టుల స్టెన్సిళ్లు?"

"వేళ్లన్ని ఎర్రగ చేసుకొస్తివి సూడు, అప్పుడు. నేను నెత్తురనుకొని ఏడిస్తి. అది తప్పు దిద్దే రంగంటివి. పిల్ల బల్లెకు పోవుడు మొదలువెట్టిన ఏడు."

అట్లా నా నౌకరి చరిత్రంతా మా అత్త నోట్లోంచి వచ్చింది. పిల్ల పళ్లు ఊడిన ఏడు ధాన్యం వ్యాపారుల ఇంగ్లీషు ఉత్తరాలు. ఇంటి గోడ కూలిన వానాకాలం వకీళ్ల అఫిడవిట్లు, ఐదు కార్బన్‌లు పెట్టినా అడుగు కాపీ చదవగలిగేలా కొట్టేదాన్ని. ఒక వకీలు సాబ్ కాగితంలో భూమి సర్వే నంబరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే పట్టుకుని చెప్పాను. ఆయన తర్వాత నేను తప్ప వేరేవాళ్లు కొడితే ఒప్పుకునేవాడు కాదు. కొత్తగా వచ్చిన పిల్లలకు మిషన్ నేర్పాను. సుబేదారిలో నా అంత వేగంగా కొట్టేవాళ్లు లేరని అన్న అనేవాడు. అది కూడా రాయమంది అత్త. "రాయి, నీకెందుకు సిగ్గు? నిజమే గద" అంది.

కాగితం రెండు పక్కలా నిండింది. నేనింత చేశానని నాకే తెలియదు. ఒక్క నిమిషం ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పైనుంచి కింద దాకా ఇంకోసారి చదువుకున్నాను. ఏడేళ్లుగా నేను దాచిందంతా నా చేతిరాతలో, ఏడాదుల వారీగా, ఒక్క కాగితం మీద ఉంది. ఏ పోలీసుకైనా ఇంతకన్నా ఏం కావాలి? లేచి వెళ్లి పొయ్యిలో వేశాను. కింద ఇంకా నిప్పులున్నాయి, భగ్గున అంటుకుంది.

"ఏం పుట్టిందే నీకు?" అంది అత్త, రాట్నం ఆపి.

"ఎవరన్న చూస్తె?"

"ఎవలు సూస్తరు? మనింట్ల ఇంగిలీసు సదివేది నువ్వొక్కదానివే."

ఈ ముచ్చట తెలిసి షాపులో అన్న కూడా తిట్టాడు. "నేను సర్టిఫికెట్ రాసిస్త చెల్లె. ముద్ర గూడ కొడ్త. గింత భయమైతె ఎట్ల?" అన్నాడు. వద్దన్నాను. రాసిస్తే నాతోపాటు ఆయన మీదా కేసు పెడతారేమోనని ఇంకో కొత్త భయం పట్టుకుంది. అత్త మాత్రం రోజూ ఒకటే పాట. "ఆ ఆఫీసుకే పోయి అడుగరాదు? పని చేస్తె కార్డు చింపుతరా, చింపరా అని. అడగందే అమ్మైనా పెట్టదంటరు."

పోయాను. పోలేదని ఎవరూ అనొద్దు. లైన్‌లో నిలబడ్డాను. నా ముందున్నవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. కిటికీ దగ్గరకొచ్చాక, ఆనాడు చాయ్ ఎవరిదని అడిగిన గుమాస్తాయే తలెత్తి, "ఏందమ్మా?" అన్నాడు. "రెన్యువల్ ఎప్పుడు సార్?" అన్నాను. కార్డు మీదే ఉంటుంది చూసుకోమని విసుక్కున్నాడు. బతుకు జీవుడా అని బస్సెక్కాను.

ఇంటర్వ్యూ రోజు నా బయోడేటా అరకాగితం కూడా లేదు. పేరు, తండ్రి పేరు, చదువు, లోయర్, హయ్యర్. అనుభవం దగ్గర ఒక గీత. ముగ్గురు ఆఫీసర్లు బల్ల అవతల కూర్చున్నారు. నడుమ కూర్చున్న పెద్దాయన కాగితం తిప్పి చూశాడు, వెనకవైపు ఏమన్నా ఉందేమోనని.

"హయ్యర్ పాసై ఏడేండ్లయింది. ఇన్ని రోజులు ఏం చేసిన్రమ్మా?"

"ఇంట్లనే ఉన్న సార్."

"ఎక్కడన్న చిన్న పనైనా చేయలేదా?" ఆయన మంచిగానే అడిగాడు. అడిగిన తీరు చూస్తే చేశానని చెప్తే బాగుండునని ఎదురుచూస్తున్నట్టే ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు లేదని తల అడ్డంగా ఊపాను.

ఆ తర్వాత పక్క గదిలో టైపు పరీక్ష. మిషన్ ముందు కూర్చోగానే నా చేతులు నాకంటే ముందే మొదలుపెట్టాయి. మొదటి నాలుగు వరసలు కొట్టేసరికి పక్క పిల్ల ఇంకా మొదటి వరసలోనే ఉంది. గదిలో తిరుగుతున్న సూపర్‌వైజర్ ఆగి నా వైపు చూశాడు. ఏడేళ్లు ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడమనిషి ఇంత వేగంగా ఎట్లా కొడుతుంది? అనుమానం రాదా? ఎక్కడ నేర్చావని అడగడా?

చేతులకు కళ్లెం వేశాను. పక్క పిల్ల మిషన్ చప్పుడు విని దాని వెంట నడిచాను. ఆమె ఆగితే ఆగాను, ఆమె కొడితే కొట్టాను. అదీ చాలదనిపించి రెండు చోట్ల కావాలని తప్పు అక్షరం కొట్టాను. మూడోది కొట్టబోతే వేలు మొరాయించింది, అంత అలవాటు లేని పని. సూపర్‌వైజర్ అవతలికి వెళ్లిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. గండం గడిచినందుకు ఆ పూట ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను కూడా.

నౌకరి రాలేదు. రాలేదని తెలిసిన రోజు మా ఆయన "ఇంకోటి వస్తది తీయి" అని డ్యూటీకి పోయాడు. ఆయన దగ్గుకుంటూ సందు మలుపు దాకా పోవడం విన్నాను. పరీక్షలో ఏం చేశానో ఆయనకు చెప్పలేదు. అత్తకు చెప్పాను. ఆమె చాలాసేపు నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది.

రెన్యువల్ రోజు అత్త కంటి దవాఖానకు పోవాలని నాతోపాటు బస్సెక్కింది. దవాఖాన ఎటున్నదో కానీ ఎక్స్ఛేంజీ మెట్ల దాకా నన్ను వదల్లేదు. లైన్‌లో నా వెనకే నిలబడింది. కిటికీ రాగానే నన్ను పక్కకు జరిపి తల లోపలికి పెట్టింది.

"అయ్యా, ఒక్క మాట. ఈ కార్డున్నోళ్లు ప్రైవేటుల పని చేసుకుంటె మీరు కార్డు చింపుతరా?"

నేను ఆమె కొంగు పట్టుకుని వెనక్కి లాగుతున్నాను. ఆమె కదల్లేదు.

గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఎందుకు చింపుతమమ్మా? ప్రైవేటు పనితోని మాకేం సంబంధం? సగం మంది చేసుకుంటనే ఉన్నరు. చెప్తె గూడ మంచిదే, అనుభవం కింద కార్డుల రాస్తం. కాల్ వచ్చినప్పుడు పనికొస్తది." తర్వాత నా వైపు చూశాడు. "నువ్వేమన్న చేస్తాన్నవా? చెప్పు, ఇప్పుడే రాసుకుంట."

పెన్ను తెరిచి పట్టుకున్నాడు. అత్త నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. ఆయన చెప్పింది చెవులారా విన్నాను. అర్థమైంది కూడా. చెప్పాల్సిందంతా ఏడాదుల వారీగా తలలో ఉంది. నోరు తెరిచాను.

"లేదు సార్. ఇంట్లనే ఉంటున్న" అన్నాను.

ఆయన పెన్ను మూసి, కార్డు మీద ముద్ర గుద్ది, నా వెనకున్న మనిషిని పిలిచాడు.