ఇక ఒక్కపొద్దు ఉండను

దెయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఎవరైనా ఫలానా తప్పు కనిపించిందంటే, మళ్ళీ రప్పించి చూపించమంటాను. చూపించలేకపోతే పక్కన పెట్టేస్తాను. ఉద్యోగమే కాదు, నా బుద్ధి కూడా అదే.

మాది కడప. మా ఆయనది సిద్దిపేట వైపు. హైటెక్ సిటీలో ఒకే ఆఫీసులో పరిచయమై, పెళ్ళి చేసుకుని, లింగంపల్లిలో కిరాయికి ఉండేవాళ్ళం. తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. ఒకరోజు పొద్దున "రైల్ రోకోల జర కూసొని వస్త, అన్నం వండు" అని స్టేషన్‌కు పోయిన మనిషి సాయంత్రానికి జైలుకు చేరాడు. వండిన అన్నం నేనే తిన్నాను.

వకీలు కోసం తిరిగింది నేను. తీరా బెయిలు కాగితాల మీద సంతకం పెట్టమంటే, తనతో పట్టుబడినవాళ్ళందరినీ వదిలితేనే తానూ బయటికొస్తానన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో పక్క సీటు గుంటూరమ్మాయి "మీవారు క్యాంపుకెళ్ళారా అండీ" అని అడుగుతుంటే ఏమని చెప్పాలి? బంద్ వచ్చిందంటే బస్సులుండవు, రైళ్ళుండవు. షేర్ ఆటోలు మారుతూ ఊరికి ఆ చివరనున్న జైలుకు పడుతూ లేస్తూ పోవాలి. తీరా పోతే ములాఖత్‌లో, ఖైదీల్ని చూడనిచ్చే చోట, ఇనప జాలీకి అటూ ఇటూ అందరూ ఒకేసారి అరుస్తుంటారు.

ఆ గోలలో మా ఆయన మొదట అడిగింది నా సంగతి కాదు, కేసు సంగతి కూడా కాదు.

"నిన్న ఏందే గా నూనె తిండి తిన్నవ్? రాత్రంత కడుపుల మంట."

ముందురోజు వండుకునే ఓపిక లేక ఆఫీసు క్యాంటీన్‌లో మంచూరియా తిన్న మాట నిజమే. నా బద్ధకం తెలిసిన మనిషి కాబట్టి ఊహించి ఉంటాడనుకున్నాను.

తర్వాత లోపల అందరూ కలిసి నిరాహార దీక్ష మొదలుపెట్టారు. ఇదొక్కటే తక్కువైంది అనుకున్నాను. మిగతావాళ్ళు రోజురోజుకూ పీక్కుపోతుంటే ఈయన మాత్రం నవనవలాడుతున్నాడు. దొంగచాటుగా తింటున్నాడని జైలువాళ్ళ అనుమానం. తోటివాళ్ళ అనుమానమూ అదే. నాకైతే అనుమానం కూడా లేదు. మొహం మీదే అడిగేశాను.

"నువ్వు తింటున్నవ్ గద" అన్నాడు మామూలుగా. "జర కారం తక్కువెయ్యి. మీ కడప కారం నాతోని కాదు."

"ఎవురన్నా వింటే నవ్వుతారు" అని కసిరి వచ్చేశాను. ఊరుకోలేదు. మళ్ళీ ములాఖత్‌కు ముందురోజు పొద్దున, ఇంట్లో ఒక్కదాన్నే ఉండగా, ఒక పచ్చి కాకరకాయ కడిగి కసకసా నమిలి మింగాను. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మా ఆయన జాలీ అవతల మొహం చిట్లించుకుని నిలబడ్డాడు.

"నిన్న పొద్దుగాల ఏం తిన్నవే? నోరంత చేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గబగబా ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను.

ఆ వారమే అత్తమ్మ ఫోన్ చేసింది. "శనివారం ఒక్కపొద్దుండు బిడ్డా, వాడు సల్లగుంటడు" అంది. పగలంతా పస్తుండి రాత్రి ఒక్కపూట తినాలి. ఇలాంటివి నాకు పట్టవు. కానీ కొడుకు జైల్లో ఉన్న తల్లితో ఏం వాదిస్తాను? పైగా ఈయన మొండితనం చూసి నాకూ లోలోపల భయంగానే ఉంది. సరేనన్నాను. రాత్రి వంట చేయబుద్ధి కాక నీళ్ళు తాగి పడుకున్నాను. కాకరకాయ సంగతి ఆ రోజంతా నా బుర్రకు తట్టనే లేదు.

ఆదివారం పొద్దున వకీలు ఫోన్ చేశాడు. పీక్కుపోయినవాళ్ళంతా లేచి తిరుగుతున్నారట. మా ఆయన శనివారం సాయంత్రం నిలబడ్డచోటే కూలిపోతే దవాఖానలో చేర్చారట.

వార్డు గుమ్మంలో కానిస్టేబుల్ కాపలా. లోపలికి పోనివ్వలేదు. మంచం మాత్రం కనిపిస్తోంది. సెలైన్ ఎక్కుతోంది, ఆయన కళ్ళు తెరవడం లేదు. రాత్రి నుంచి ఎక్కిస్తున్నా తేరుకోవడం లేదని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

"ఏమన్న తిన్నవామ్మా? గట్ల తూలుతున్నవ్" అన్నాడు కానిస్టేబుల్.

అప్పుడు తట్టింది.

కిందికి పరుగెత్తి పెరుగన్నం, ఆవకాయ పొట్లం కట్టించుకొచ్చి, ఆ గుమ్మం పక్కనే నేల మీద కూర్చున్నాను. ముద్ద దిగదు. ఏడుపొస్తోంది, అంతకు మించి కోపమొస్తోంది. ఆయన్ను, రైళ్ళను, నన్ను తిట్టుకుంటూనే పొట్లమంతా తిన్నాను. తినడం అయ్యాక తలెత్తి చూస్తే, మంచం మీద ఆయన పెదవులు చప్పరిస్తున్నాడు.

కాసేపటికి నర్సు బయటికొచ్చింది. "మీ ఆయన కళ్ళు తెరిచాడమ్మా. మేం నోట్లో చుక్క కూడా పొయ్యలేదు, నోరు మండుతోంది నీళ్ళు కావాలంటాడేంటి?" అంది.

కొన్నాళ్ళకు అందరికీ బెయిలొచ్చింది. ఇల్లు చేరిన రోజు నుంచి అదంతా ఆగిపోయింది. నోట్లో బెల్లంముక్క వేసుకుని ఏం తిన్నానో చెప్పమంటే "నాకెట్ల తెలుస్తది?" అంటాడు. సెలైన్ పనిచేసిందన్నాడు డాక్టరు. పనిచేసే ఉంటుంది. కాకరకాయ చేదు ఆయన నోటికి ఎలా తెలిసిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు.

మళ్ళీ రప్పించి చూస్తే తేలిపోతుంది. ఆయన ఊరెళ్ళినప్పుడు ఒక్క శనివారం పస్తుంటే చాలు. అత్తమ్మ ఇప్పటికీ ఉండమంటూనే ఉంది. నేనుండను. ఆయన ఇంట్లో లేని రోజు ఆకలి లేకపోయినా వేళకు తింటాను. కారం కూడా తగ్గించే తింటాను.